పాట వాళ్లది, పరపతి ఎవరిది?

పోయిన సంచికలో సియోల్‌లోని మా హాసుక్ సంగతి రాశాను. హాసుక్ అంటే భోజనంతో కలిపి గది అద్దెకిచ్చే ఇల్లు. సిన్‌చోన్‌లో యూనివర్సిటీల వెనక సందుల్లో అప్పట్లో ఇలాంటివి చాలా ఉండేవి. 2009లో కొరియన్ భాష నేర్చుకుందామని వెళ్లాను. తర్వాత ఇంజినీర్ల మీటింగుల్లో దుబాసీ పని దొరికింది, 2018 దాకా అక్కడే ఉండిపోయాను. ఆ వ్యాసం పుణ్యమా అని ఈ నెల ఉత్తరాలన్నీ కొరియా మీదే. వాటిలో కొన్నిటికి జవాబులివి.

*

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. గది గోడ నిండా బీటీఎస్ కుర్రాళ్లే. మాకు అర్థం కాని భాషలో పాటలు గడగడా పాడేస్తుంది. "ఇదంతా కొరియా ప్రభుత్వం పథకం వేసి చేయిస్తున్న పని, దీన్నే సాఫ్ట్ పవర్ అంటారు" అని మా ఆఫీసులో ఒకాయన అన్నారు. ఒక దేశ ప్రభుత్వం మా ఇంటి గోడ మీదికి ఇలా వచ్చేయగలదా?
– ఒక తండ్రి

జవాబు: అన్నయ్యగారూ, మీ ఆఫీసాయన చెప్పింది సగం నిజం. ముందు ఆ సగం చెప్పుకుందాం.

సాఫ్ట్ పవర్ అన్న మాటను 1990లో అమెరికన్ ప్రొఫెసర్ జోసెఫ్ నై వాడుకలోకి తెచ్చారు. సైన్యంతో బెదిరించకుండా, డబ్బుతో కొనకుండా, ఎదుటివాడు తనంతట తానే మనవైపు మొగ్గేలా చేసుకోవడం అని దాని అర్థం. పత్రికలవాళ్లు 'మృదుశక్తి' అంటున్నారు. నాకైతే మన పాత మాట 'పరపతి' దీనికి అతికినట్టు సరిపోతుందనిపిస్తుంది. పరపతి ఉన్నవాడికి అడిగినచోట అప్పు పుడుతుంది, నలుగురిలో మాట చెల్లుతుంది. చేతిలో కర్ర ఉండక్కర్లేదు.

కొరియా ప్రభుత్వానికి ఈ ఆలోచన డైనోసార్లు పెట్టాయంటే నవ్వుతారు. 1994లో అప్పటి అధ్యక్షుడు కిమ్ యంగ్ సామ్‌కి శాస్త్ర సాంకేతిక సలహా మండలి ఒక నివేదిక ఇచ్చింది. జురాసిక్ పార్క్ అనే ఒక్క హాలీవుడ్ సినిమా తెచ్చిన రాబడి 15 లక్షల హ్యుందాయ్ కార్లు అమ్మినదానికి సమానం అని అందులో ఉంది. కార్లనీ ఓడలనీ ఎగుమతి చేసి పైకొచ్చిన దేశం అది. సినిమాని కార్లతో తూచి చూపిస్తే గానీ వాళ్లకి ఎక్కలేదు.

తర్వాత 1997 చివర్లో విదేశీ మారకం అడుగంటి అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) గుమ్మం ఎక్కాల్సి వచ్చింది. దేశం అప్పు తీర్చడానికి జనం ఇళ్లలోని బంగారం పట్టుకెళ్లి ఇచ్చారు. దాదాపు 35 లక్షల మంది కలిసి 220 టన్నులకు పైగా పోగుచేశారు. మా హాసుక్ ఆజుమ్మా కూడా క్యూలో నిలబడి, కొడుకు మొదటి పుట్టినరోజుకి చుట్టాలు పెట్టిన బంగారు ఉంగరాలు ఇచ్చేసింది. (నడివయసు ఆడవాళ్లని అక్కడ ఆజుమ్మా అంటారు. పేరు పెట్టి పిలిస్తే ఊరుకోరు.) "పెద్ద కంపెనీలు మునిగితే నా ఉంగరాలు పోయాయి" అని పదేళ్ల తర్వాత కూడా గొణుగుతుండేది. ఆ కష్టకాలంలోనే, 1998 ఫిబ్రవరిలో, కిమ్ డే జంగ్ అధ్యక్షుడయ్యారు. తనని 'సంస్కృతి అధ్యక్షుడు' అని చెప్పుకున్నారు. 1999లో సాంస్కృతిక పరిశ్రమల ప్రోత్సాహానికి చట్టం తెచ్చారు. 2000 నాటికి సంస్కృతికి ఇచ్చే వాటా దేశ బడ్జెట్‌లో ఒక శాతానికి చేరింది. నిధులు, శిక్షణ, విదేశాల్లో ప్రచారం అన్నీ అక్కడినుంచే ఊపందుకున్నాయి. మీ ఆఫీసాయన చెప్పిన సగం ఇది.

రెండో సగం నాకు ఇంకా ముఖ్యం. అంతకుముందు ఆ దేశంలో పాట రాస్తే సర్కారు కత్తెర పడేది. 1970ల్లో సైనిక పాలన గాయకుడు కిమ్ మిన్ గీ పాటల్ని నిషేధించింది. 1995లో కూడా, అప్పటి కుర్రకారు దేవుడిలా చూసుకున్న సో తైజీ పాటలో మాటలు మార్చమని సమీక్షా సంఘం అడిగింది. అతను మాటలు మార్చలేదు. మాటలన్నీ తీసేసి ఉత్త సంగీతంతో విడుదల చేశాడు! జనం మండిపడ్డారు. 1996లో పాటలకు ముందస్తు సమీక్ష రద్దయింది. అదే ఏడాది అక్టోబరులో సినిమాల ముందస్తు సెన్సారు చెల్లదని రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ తర్వాత వచ్చిన కిమ్ డే జంగ్ పాలసీ ఒక్క ముక్కలో చెప్పాలంటే, డబ్బు ఇస్తాం, వేలు పెట్టం.

ప్రభుత్వం చేసిన పనుల్లో ఇదే పెద్దదని నా నమ్మకం. డబ్బు ఏ దేశమైనా ఇస్తుంది. చెయ్యి తీసేయడమే కష్టం. కొరియాలో మళ్లీ మధ్యలో చెయ్యి పెట్టారు కూడా. తర్వాత అధ్యక్షురాలైన పార్క్ గున్ హే హయాంలో, సర్కారుకి నచ్చని కళాకారులకు నిధులు అందకుండా చూసే జాబితా ఒకటి తయారైంది. 2016లో బయటపడ్డ ఒక జాబితాలో 9,473 పేర్లున్నాయి. పదవిలో ఉన్న సాంస్కృతిక శాఖ మంత్రి 2017 జనవరిలో అరెస్టయ్యారు. అలా సర్కారు పక్కన పెట్టినవాళ్లలో ఎవరున్నారో తెలుసా? తర్వాత పారసైట్ సినిమాతో నాలుగు ఆస్కార్లు తెచ్చిన బాంగ్ జూన్ హో ఒకరు. 2024లో సాహిత్య నోబెల్ అందుకున్న హాన్ కాంగ్ ఒకరు. దేశానికి పరపతి తెచ్చేది ఎవరో ముందుగా గుర్తుపట్టడం సర్కారు వల్ల అయ్యే పని కాదనడానికి ఇంతకంటే ఏం కావాలి!

'హల్యూ', అంటే కొరియా కెరటం, అన్న పేరు కూడా వాళ్లు పెట్టుకున్నది కాదు. 1990ల చివర్లో చైనా పత్రికలు పెట్టాయి. చైనా భాషలో పలికితే 'చలిగాలి ప్రవాహం' అన్న అర్థం కూడా వినిపిస్తుంది, కాస్త వెక్కిరింతగా. మీ అమ్మాయి గోడ మీదున్న ఏడుగురూ 2013లో బయటికొచ్చినప్పుడు వాళ్లది పెద్ద కంపెనీ కూడా కాదు. పాటలు తయారుచేసింది ఆ చిన్న కంపెనీ, మోసింది అభిమానులు. వాళ్లు ప్రపంచమంతా గెలిచాక ప్రభుత్వం వచ్చి పక్కన నిలబడి ఫొటో దిగింది. అందుకని గోడ గురించి టెన్షన్ పడకండి. ఆ పాటకి అర్థమేమిటో ఒక్కసారి అమ్మాయిని అడిగి చూడండి, ఆపకుండా చెబుతుంది.

*

ప్రశ్న: పాటలమ్మి కొరియా ధనిక దేశం అయిపోయిందంటున్నారు. అంత డబ్బు వస్తుందా?
– ఒక చిరు వ్యాపారి

జవాబు: రాదు. 2022లో కొరియా సాంస్కృతిక సరుకు ఎగుమతి 1,300 కోట్ల డాలర్లు దాటింది. వినడానికి పెద్ద లెక్కే. అందులో మూడింట రెండు వంతులు వీడియో గేములవి. పాటల వాటా పదో వంతు కూడా లేదు. అదే ఏడాది చిప్‌ల ఎగుమతి దానికి దాదాపు పదింతలు. అన్నం పెట్టేది ఇప్పటికీ చిప్‌లూ, కార్లూ, ఓడలే. పాట చేసే పని వేరు. పాట విన్నవాళ్లు లిప్‌స్టిక్ కొంటారు, నూడుల్స్ కొంటారు. 2024లో ఒక్క రామ్యోన్, అంటే ఇన్‌స్టంట్ నూడుల్స్, ఎగుమతే 100 కోట్ల డాలర్లు దాటింది. వ్యాపారం మీది కాబట్టి మీకు చెప్పక్కర్లేదు, గుమ్మం ముందు ముగ్గు అమ్ముడుపోదు, కానీ ముగ్గు చూసే లోపలికొస్తారు.

*

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్నాను. సాఫ్ట్ పవర్ మీద వ్యాసం అడిగితే అందరం కొరియానే ఉదాహరణగా రాస్తాం. దౌత్యంలో దానివల్ల కొరియాకి నిజంగా ఒరిగిందేమిటి? అది చెప్పే పుస్తకం దొరకలేదు.
– ఒక నిరుద్యోగి

జవాబు: తమ్ముడూ, ముందు ఒరగనిది చెబుతాను. వ్యాసంలో ఇది రాస్తే మిగతావాళ్ల పేపర్లలో ఉండదు.

2030 వరల్డ్ ఎక్స్‌పో బుసాన్‌కి రావాలని కొరియా పట్టుబట్టింది. బీటీఎస్‌ని ప్రచారకర్తలుగా పెట్టారు. 2022 అక్టోబరులో బుసాన్‌లో ఉచిత కచేరీ చేయించారు. దేశదేశాలకూ మంత్రులు తిరిగారు, పెద్ద కంపెనీల అధినేతలూ తిరిగారు. 2023 నవంబరు 28న పారిస్‌లో ఓట్లు లెక్కపెడితే రియాద్‌కి 119, బుసాన్‌కి 29, రోమ్‌కి 17. ఓటు వేసే ప్రతినిధుల ఇళ్లలోనూ మీ వీధి అమ్మాయిల్లాంటి పిల్లలే ఉండి ఉంటారు, కొరియా పాటలే వింటూ ఉంటారు. ఇష్టం వేరు, ఓటు వేరు.

ఇంకొకటి నా కళ్లతో చూసింది. అమెరికా క్షిపణి రక్షణ వ్యవస్థ థాడ్‌ని తన నేలమీద పెట్టడానికి 2016లో కొరియా ఒప్పుకుంది. చైనాకి కోపం వచ్చింది. కొరియా తారల కార్యక్రమాలు చైనాలో ఒకటొకటే ఆగిపోయాయి. ఫలానా ఆర్డరు అని ఎక్కడా కాగితం లేదు, కానీ కొరియాలో దాన్ని 'హన్‌హన్‌న్యోంగ్' అనేవారు, కొరియాని కట్టడి చేసే ఆర్డరు అని. 2017 మార్చిలో చైనా టూరిస్టు బృందాలు రావడం ఆగింది. అప్పట్లో నా ఆఫీసు మ్యోంగ్‌డాంగ్‌కి దగ్గర. ఆ వీధిలో ఫేస్‌క్రీముల షాపుల ముందు అమ్మాయిలు బుట్టలు పట్టుకుని చైనా భాషలో కేకలేస్తూ ఉండేవారు, సాయంత్రం దాటి నడవాలంటే భుజాలతో తోసుకుంటూ పోవాలి. ఆ వసంతంలో మాత్రం వీధి మధ్యలో తీరిగ్గా నడిచాను. ఒక షాపు అమ్మాయి నన్ను చూసి చైనా భాషలో పిలవబోయి, ఆగి, ఇంగ్లీషులో మొదలుపెట్టి, నేను కొరియన్‌లో జవాబివ్వగానే నవ్వేసి మూడు ఫేస్‌మాస్కులు ఊరికే చేతిలో పెట్టింది. 2016లో 80 లక్షలున్న చైనా టూరిస్టులు మరుసటి ఏడాది దాదాపు సగమైపోయారు. అంత ప్రేమగా సీరియళ్లు చూసిన దేశం, ఒక్క రక్షణ నిర్ణయంతో తలుపేసింది.

జపాన్ కథ ఇంకా చిత్రంగా ఉంటుంది. 35 ఏళ్లు కొరియాని పాలించిన దేశం అది. ఆ చేదు వల్లే కొరియా 1998 దాకా జపాన్ సినిమాలనీ పాటలనీ అధికారికంగా లోపలికి రానివ్వలేదు. ఆ ఏడాది కిమ్ డే జంగ్ కొంచెం కొంచెంగా తలుపులు తెరిచారు. జపాన్ సరుకు ముంచేస్తుందని అందరూ భయపడితే, కెరటం ఎదురు దిశలో నడిచింది. వింటర్ సొనాటా అనే సీరియల్ 2003లో జపాన్‌లో ఎన్‌హెచ్‌కే ఉపగ్రహ ఛానల్లో మొదలై అక్కడి నడివయసు ఆడవాళ్ల గుండెల్లో కూర్చుంది. హీరో బే యోంగ్ జూన్ 2004 నవంబరులో నారితా విమానాశ్రయంలో దిగితే వేలమంది ఎదురొచ్చారు. ఆ సీరియల్ తీసిన నామి దీవికి నేను 2010లో వెళ్లాను. కంచు హీరోహీరోయిన్ల బొమ్మ పక్కన మా అమ్మ వయసు జపాన్ ఆవిడ నిలబడి, నా చేత ఫొటో తీయించుకుని, బొమ్మకి కూడా వంగి దణ్ణం పెట్టింది. దౌత్యవేత్తల వల్ల కానిది ఆ మఫ్లర్ కట్టుకున్న కుర్రాడు చేశాడని అప్పుడనుకున్నాను. రెండేళ్లయినా గడవలేదు. 2012 ఆగస్టులో అధ్యక్షుడు లీ మ్యూంగ్ బాక్ ఇరు దేశాలూ మాదంటే మాదనే డోక్‌డో దీవి మీద కాలుపెట్టారు. ముందటేడు ఎన్‌హెచ్‌కే నూతన సంవత్సర పాటల కార్యక్రమంలో మూడు కొరియా బృందాలు పాడితే, ఆ డిసెంబరులో ఒక్కటీ లేదు.

మరి లాభం? ఉంది, అది ప్రభుత్వం చెక్కులా రాసి మార్చుకునే రకం కాదు. కొరియా లిపిని ఇచ్చిన రాజు సెజోంగ్ పేరుమీద కొరియన్ నేర్పే కేంద్రాలు 80కి పైగా దేశాల్లో ఉన్నాయి. ఎవరూ బలవంతం చేయకుండా అంతమంది వచ్చి ఆ లిపి నేర్చుకుంటున్నారు. నేను వెళ్లిన కొత్తల్లో, మా బంధువులు ఫోన్ చేసి "ఉత్తర కొరియానా, దక్షిణ కొరియానా" అని అడిగేవారు. ఇప్పుడు ఎవరూ అడగరు. ఒక దేశం పేరు చెప్పగానే యుద్ధం, అణుబాంబు కాకుండా ఇంకేదో గుర్తుకు రావడం చిన్న విషయమేం కాదు.

*

ప్రశ్న: అక్కా, 'ఒప్పా' అంటే అన్నయ్య అని నెట్‌లో చూశాను. మరి సీరియల్లో ఆ పిల్ల ప్రేమించినవాణ్ణి పట్టుకుని ఒప్పా ఒప్పా అంటుందేంటి? మా అత్తగారు పక్కన కూర్చుని చూస్తుంటే నాకు ఇబ్బందిగా ఉంది.
– ఒక గృహిణి

జవాబు: చెల్లెమ్మా, ఈ ఇబ్బంది నేనూ పడ్డాను. భాష నేర్చుకునే రోజుల్లో సరదాకి ఒక ఎపిసోడ్‌కి తెలుగు మాటలు రాశాను. "అన్నయ్యా, నువ్వు లేకుండా నేను బతకలేను" అని రాసి, చదువుకుని, కాగితం చింపేశాను. ఒప్పా అంటే ఆడపిల్ల తనకంటే పెద్దవాడైన మగవాణ్ణి చనువుగా పిలిచే పిలుపు. తోడబుట్టినవాడైతే అన్నయ్య. చుట్టరికం లేని చోట, వలపు ఉన్నచోట, మనకి 'బావా' చక్కగా సరిపోతుంది. మీ అత్తగారికి అలా చెప్పండి. ఇంగ్లీషు వాళ్లకి ఇలాంటి మాట లేక 2021లో ఒప్పాని ఉన్నపళంగా ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో వేసుకున్నారు.

ఇంకో మాట కూడా అంతే. "పాప్ మొగొస్సొ?" అని వాళ్లు పొద్దస్తమానం అడుగుతారు. "అన్నం తిన్నావా?" అని. ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో అది పలకరింపుగానో భోజనం ఆరాగానో మిగిలిపోతుంది. మనకి వివరించాలా? అలిగిన కూతురి గది బయట నిలబడి తల్లి అడిగే ఆ మాటకి నేను ఎన్నిసార్లు ఏడ్చానో.

*

ప్రశ్న: ఉత్తర కొరియాలో ఈ సీరియళ్లు చూస్తే చంపేస్తారట, నిజమేనా? ఆఫ్టరాల్ సీరియల్‌కి అంత భయమా?
– ఒక రిటైర్డ్ మాస్టారు

జవాబు: మాస్టారూ, 2020 డిసెంబరులో అక్కడొక చట్టం చేశారు. దక్షిణాది సినిమాలు, పాటలు చూసినా దగ్గర పెట్టుకున్నా 15 ఏళ్ల దాకా కఠిన శిక్ష, పంచిపెడితే మరణశిక్ష దాకా వెళ్లొచ్చు. 2023లో భాష మీద ఇంకో చట్టం. దక్షిణాది యాసలో మాట్లాడకూడదు. పై ఉత్తరంలో చెల్లెమ్మని ఇబ్బంది పెట్టిన ఒప్పా కూడా అందులో చిక్కుకుంది. తోడబుట్టనివాణ్ణి ఒప్పా అనడం అక్కడ నేరం, 'కామ్రేడ్' అనాలి. సరిహద్దు దాటి యూఎస్‌బీల్లో దొంగతనంగా వెళ్లిన సీరియళ్లు ఒక పిలుపుని మోసుకెళ్లాయి, ఒక రాజ్యం కూర్చుని దానిమీద చట్టం రాసుకుంది.

దక్షిణం వాళ్లేమీ అమాయకులు కారు. సరిహద్దులో లౌడ్ స్పీకర్లు పెట్టి ఉత్తరానికి వినిపించేలా పాటలు వేసేవారు. 2016 జనవరిలో ఉత్తరం అణుపరీక్ష చేయగానే మళ్లీ మొదలుపెట్టారు. 2018లో శాంతి చర్చలని ఆపారు. ఆ ఏప్రిల్‌లోనే రెడ్ వెల్వెట్ అమ్మాయిలు ప్యాంగ్‌యాంగ్‌లో పాడితే కిమ్ జోంగ్ ఉన్ స్వయంగా వచ్చి కూర్చున్నాడు. 2024లో ఉత్తరం చెత్త నింపిన బెలూన్లు వదిలితే దక్షిణం మళ్లీ స్పీకర్లు బయటికి తీసింది, 2025 జూన్‌లో కొత్త ప్రభుత్వం ఆపేసింది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. సైన్యం స్పీకర్లోంచి వచ్చే పాటకి సాఫ్ట్ పవర్ అని పేరు పెట్టలేం. దుప్పటి కప్పుకుని, సౌండు తగ్గించి, ప్రాణానికి తెగించి చూసిన ఎపిసోడ్‌కి పెట్టొచ్చు.

*

ప్రశ్న: ఆంటీ, నాకు 17 ఏళ్లు. డాన్స్ బాగా చేస్తాను. కొరియా వెళ్లి పాటల కంపెనీలో ట్రైనీ అవ్వాలని ఉంది. అమ్మ వద్దంటోంది. వాళ్ల జీవితం అంత బాగుంటుంది కదా, మీరు చెప్తే వింటుంది.
– పేరు రాయొద్దని కోరిన అమ్మాయి

జవాబు: తల్లీ, నేను మీ అమ్మ పార్టీ. కానీ కారణాలు చెప్పి మరీ చేరతాను.

బ్లాక్‌పింక్ బృందంలోని లీసా థాయిలాండ్ నుంచి 2011లో ట్రైనీగా వెళ్లింది, స్టేజీ ఎక్కింది 2016లో. గెలిచిన అమ్మాయి లెక్కే ఐదేళ్లు. గెలవనివాళ్లకి లెక్క ఎవరూ రాయరు. శిక్షణకైన ఖర్చుని తర్వాత సంపాదనలోంచి మినహాయించుకునే కంపెనీలున్నాయి. 2009లో టీవీఎక్స్‌క్యూ బృందంలో ముగ్గురు తమ 13 ఏళ్ల ఒప్పందం మీద కోర్టుకెళ్లారు. అదే ఏడాది వ్యాపార పోటీ నియంత్రణ సంస్థ ఏడేళ్లు దాటని నమూనా ఒప్పందం తెచ్చింది. 2014లో చట్టం వచ్చి, మైనర్ల చేత రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మామూలుగా పని చేయించకూడదంది. ఇలాంటి రూలు రాయాల్సి వచ్చిందంటే అంతకుముందు ఎలా ఉండేదో ఊహించుకో. 2024 అక్టోబరులో న్యూజీన్స్ బృందం అమ్మాయి హానీ, అప్పటికి ఇరవై ఏళ్లది, పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని పనిచోట వేధింపుల గురించి కన్నీళ్లతో చెప్పింది. నెల దాటాక కార్మిక శాఖ తేల్చిన మాట: కార్మిక చట్టం ప్రకారం ఈమె కార్మికురాలు కాదు, కాబట్టి ఆ రక్షణ వర్తించదు. దేశానికి రాయబారులట, కార్మికులు కారట!

మగపిల్లలకి ఇంకో గండం. ఒలింపిక్ పతకం తెచ్చినా, ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చినా, పేరున్న శాస్త్రీయ సంగీత పోటీలు గెలిచినా తప్పనిసరి సైనిక సేవ నుంచి దాదాపు మినహాయింపే. ఫుట్‌బాల్ ఆటగాడు సన్ హ్యూంగ్ మిన్‌కి 2018 ఆసియా క్రీడల స్వర్ణంతో అది దొరికింది. అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానం తెచ్చినవాళ్లకి మాత్రం లేదు. 2020లో చట్టం మార్చి 30 ఏళ్ల వయసు దాకా వాయిదా ఇచ్చారంతే. బీటీఎస్‌లోని జిన్ 2022 డిసెంబరులో జుట్టు గొరిగించుకుని వెళ్లాడు. ఏడుగురూ బయటపడేసరికి 2025 జూన్ అయింది. ఇందులో నేను ఎవరి పక్షమూ తేల్చుకోలేకపోయాను. మా ఆజుమ్మా మనవడు చలికాలంలో కాపలా కాసి వేళ్లు పగిలి వచ్చాడు. "పాటలు పాడితే నా మనవడి కంటే ఎక్కువా?" అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు.

డాన్స్ మాత్రం మానకు. కొరియన్ కూడా నేర్చుకో, నాకు అన్నం పెట్టింది అదే.

*

ప్రశ్న: మా పిల్లలు కేపాప్ డీమన్ హంటర్స్ పది సార్లు చూశారు. అది అమెరికా కంపెనీ సినిమా అట కదా! మరి అది కొరియా సాఫ్ట్ పవరా, అమెరికాదా?
– ఒక టీచర్

జవాబు: మంచి ప్రశ్న, నాకూ నిద్ర పట్టనివ్వని ప్రశ్న. తీసింది సోనీ యానిమేషన్ స్టూడియో, చూపించింది నెట్‌ఫ్లిక్స్, దర్శకుల్లో ఒకరైన మ్యాగీ కాంగ్ కొరియన్ మూలాలున్న కెనడా ఆవిడ. డబ్బు సియోల్‌కి చేరదు. కానీ సినిమాలోని పులి, పక్షి బొమ్మ కొరియా జానపద చిత్రాల్లోంచి దిగింది. 2025లో అది వచ్చాక, యోంగ్‌సాన్‌లోని నేషనల్ మ్యూజియంలో పులీ పక్షీ బొమ్మల బ్యాడ్జీల కోసం జనం క్యూ కట్టారు. ఆ ఏడాది మ్యూజియం సందర్శకులు మొదటిసారి 50 లక్షలు దాటారు. నేనున్న రోజుల్లో ఆదివారం మధ్యాహ్నం ఏసీ కోసం వెళ్లి కూర్చునేదాన్ని అక్కడ.

స్క్విడ్ గేమ్ సీరియల్ లెక్క దీనికి తిరగేసినట్టుంటుంది. కథ, నటులు, దర్శకుడు, అప్పుల బాధ, అంతా కొరియాది. హ్వాంగ్ డాంగ్ హ్యూక్ 2009 ప్రాంతంలో స్క్రిప్టు రాసి తిరిగితే ఇలాంటిది ఎవరు చూస్తారన్నారు. చివరికి నెట్‌ఫ్లిక్స్ తీసింది, హక్కులు దానివే. మొదటి సీజన్ ప్రపంచాన్ని ఊపేసినా ఆయనకి అందింది ముందు రాసుకున్న ఒప్పందం డబ్బే. పరపతి కొరియాకి, పంట నెట్‌ఫ్లిక్స్‌కి. సొంత పొలాన్ని కౌలుకిచ్చి పక్కన నిలబడి మెచ్చుకున్నట్టు లేదూ?

*

ప్రశ్న: అధికారంతో పనిలేకుండా అక్కడి మామూలు జనానికి ఈ పాటలు పనికొచ్చింది మీరు ఎప్పుడైనా చూశారా?
– ఒక పాఠకురాలు

జవాబు: చూశాను, విన్నాను కూడా. 2016 శీతాకాలంలో పార్క్ గున్ హే దిగిపోవాలని ప్రతి శనివారం గ్వాంగ్‌హ్వామున్‌లో లక్షలమంది కొవ్వొత్తులు పట్టుకుని కూర్చునేవారు. ఆజుమ్మాతో కలిసి నేనూ రెండుసార్లు వెళ్లాను. కాగితం కప్పుకి అడుగున కన్నం చేసి కొవ్వొత్తి గుచ్చి ఇచ్చేది, మైనం చేతిమీద పడకుండా. ఆ నవంబరులో అధికార పార్టీ ఎంపీ ఒకాయన, గాలి వీస్తే కొవ్వొత్తులు ఆరిపోతాయన్నాడు. తర్వాతి వారాల్లో జనం బ్యాటరీ కొవ్వొత్తులతో వచ్చారు.

2024 డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ మార్షల్ లా ప్రకటించినప్పుడు నేను అక్కడ లేను. పార్లమెంటు కొన్ని గంటల్లోనే దాన్ని కొట్టేసింది. కానీ ఆయన్ని దించాలని యోయిదోలో పార్లమెంటు ముందు చలిలో కూర్చున్న గుంపులో ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. కచేరీల్లో ఊపే రంగురంగుల లైట్ స్టిక్కులు పట్టుకొచ్చారు, ఒక్కో బృందం అభిమానులది ఒక్కో ఆకారం. గర్ల్స్ జెనరేషన్ మొదటి పాట, 2007 నాటిది, నినాదంలా పాడారు. డిసెంబరు 14న పార్లమెంటు ఆయన్ని అభిశంసించింది.

ఆ వారం ఆజుమ్మా నాకొక ఫొటో పంపింది. మోకాళ్లమీద దుప్పటి, తలకి ఉన్ని టోపీ, చేతిలో మనవరాలి లైట్ స్టిక్, ఆకుపచ్చగా వెలుగుతోంది. అది ఏ బృందానిదని అడిగాను. అరగంట తర్వాత జవాబు వచ్చింది: "నాకేం తెలుసు. గాలికి ఆరదు, అంతే."